ఈసీయూకు నిజం చెప్పాలి: పాత బండికి ఇంజెక్షన్ అమర్చడంపై ప్రసంగం

మిత్రులందరికీ నమస్కారం.

ఈ బల్ల మీద రెండు వస్తువులు పెట్టాను. ఎడమవైపు ఉన్నది నా పాత 200 సీసీ బండి నుంచి విప్పిన కార్బొరేటర్. కుడివైపు ఉన్నది ఇంజనుకు గాలి దారిని తెరిచి మూసే థ్రాటిల్ బాడీ, దాని పక్కన పెట్రోలు చల్లే వేలెడంత ఇంజెక్టర్. ఇప్పుడు ఆ బండి ఇలాంటి జతతోనే నడుస్తోంది. చూడగానే మీకు ఏమనిపిస్తుంది? ఒకటి విప్పి రెండోది బిగిస్తే పని అయిపోతుందనిపిస్తుంది. నేనూ అలాగే అనుకుని మొదలుపెట్టాను. బిగించడానికి ఒక మధ్యాహ్నం పట్టింది. బండి సరిగ్గా నడవడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలల్లో తెలుసుకున్నదే ఈ రోజు చెబుతాను.

ముందు ఈ కార్బొరేటర్ చేసే పనిని గౌరవంగా చూద్దాం. గొట్టం ఇరుకైన చోట గాలి వేగం పెరుగుతుంది, పీడనం తగ్గుతుంది. ఆ తగ్గిన పీడనం ఫ్లోట్ గిన్నెలోని పెట్రోలును జెట్ గుండా పైకి లాగుతుంది. ఎక్కువ గాలి వెళితే ఎక్కువ పెట్రోలు వస్తుంది. కరెంటు అక్కర్లేదు, లెక్కలు అక్కర్లేదు. తన మీదుగా వెళుతున్న గాలిని అది స్వయంగా తాకి తెలుసుకుంటుంది.

ఇంజెక్షన్‌ను నడిపే చిన్న కంప్యూటర్ ఈసీయూ. దానికి ఆ అదృష్టం లేదు. అది సీటు కింద మూసిన పెట్టెలో ఉంటుంది. గాలి ఎంత వెళుతోందో అది చూడలేదు. పిస్టన్ తిప్పే ఇరుసు, అంటే క్రాంక్ ఎక్కడుందో, గాలి గొట్టంలో పీడనం ఎంతో, థ్రాటిల్ ఎంత తెరుచుకుందో, ఇంజను ఎంత వేడిగా ఉందో నాలుగైదు వైర్ల ద్వారా దానికి కబురు అందుతుంది. ఆ కబుర్లను నమ్మి లెక్క కట్టి, ఇంజెక్టర్‌ను ఇన్ని మిల్లీ సెకన్లు తెరవమంటుంది. కబురు తప్పయితే లెక్క ఎంత గొప్పదైనా ఇంజను దగ్గుతుంది. అందుకే ఈ మార్పిడిలో ముప్పాతిక భాగం పని ఈసీయూకు నిజం చెప్పే ఏర్పాట్లు చేయడమే. మిగిలిన పాతిక మాత్రమే మనం ట్యూనింగ్ అని పిలిచే పని.

మోటార్‌సైకిళ్లకు ఇది కొత్త సంగతి కాదు. కార్లలో బాష్ సంస్థ డి-జెట్రానిక్ 1967లోనే వచ్చింది. 1980లో కవాసాకీ జడ్1000 మీద, 1982లో హోండా సీఎక్స్500 టర్బో మీద, 1983లో బీఎండబ్ల్యూ కే100 మీద ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ కనిపించింది. మన వంటి వారి చేతికి అందింది మాత్రం 2001 ప్రాంతంలో బ్రూస్ బౌలింగ్, ఆల్ గ్రిప్పో మెగాస్క్విర్ట్ తయారుచేశాక. సొంతంగా సోల్డరింగ్ చేసుకుని, ఎప్పుడు ఎంత పెట్రోలు పోయాలో చెప్పే పట్టికలు సొంతంగా రాసుకునే ఈసీయూ అది. తర్వాత ఆర్డ్యుయినో మెగా అనే చిన్న కంప్యూటర్ బోర్డు ఆధారంగా స్పీడుయినో అనే మరో ఈసీయూ వచ్చింది. బౌలింగ్, గ్రిప్పోల పేర్లు ఇక్కడ చెప్పకుండా ముందుకు వెళ్లడం నాకు ఇష్టం లేదు. వారు తమ పనిని దాచుకోలేదు కాబట్టే మనలో చాలామంది ఇక్కడ ఉన్నాం.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఎందుకు మార్చాలి? బలం పెరుగుతుందని మార్చాలనుకుంటే వద్దు. థ్రాటిల్ పూర్తిగా తెరిచినప్పుడు, సరైన జెట్లు వేసిన కార్బొరేటర్ ఇంజెక్షన్‌కు దాదాపు సమానంగా పనిచేస్తుంది. లాభం మరోచోట ఉంది. చలి ఉదయం చోక్ లాగకుండా స్టార్ట్ అవుతుంది. సగం థ్రాటిల్‌లో ఇంజను నిలకడగా లాగుతుంది. సముద్ర మట్టంలో నూరు కిలోపాస్కల్స్ ఉండే గాలి పీడనం 3,000 మీటర్ల ఎత్తులో 70కి పడిపోతుంది. అక్కడ కార్బొరేటర్ బండి పెట్రోలు ఎక్కువై నల్ల పొగ వదులుతుంది. ఇంజెక్షన్ బండి తన లెక్క తనే దిద్దుకుంటుంది. మరో కారణం, డయాఫ్రమ్ చిరిగి, జెట్ అరిగి, విడిభాగాలు దొరకని కార్బొరేటర్లు చాలా ఉన్నాయి. అలాంటి బండిని మూలన పడేయకుండా రోడ్డు మీద నిలబెట్టడానికి ఇది మంచి దారి.

అయితే జబ్బుపడిన ఇంజనుకు ఇంజెక్షన్ మందు కాదు. కంప్రెషన్ తగ్గినా, వాల్వు సందులు తప్పినా, ఇన్‌టేక్ రబ్బరు పగిలి గాలి దొంగదారిన వస్తున్నా ముందు అవి సరిచేయండి. బండి కార్బొరేటర్‌తో సరిగ్గా నడిచిన రోజునే మార్పిడి మొదలుపెట్టండి. లేకపోతే తర్వాత ఏ తప్పు పాతదో, ఏది కొత్తదో విడదీయలేరు.

ఇక కరెంటు. పాత బండ్ల దగ్గర చాలామంది ఇక్కడే ఆగిపోతారు. పెట్రోలు పంపు 4 ఆంపియర్లు తీసుకుంటుందనుకోండి, అది ఒక్కటే 50 వాట్లు. ఎగ్జాస్ట్‌లోని ఆక్సిజన్ సెన్సర్‌కు హీటర్ ఉంటుంది, అది మరికొంత లాగుతుంది. ఇగ్నిషన్ కాయిల్, ఈసీయూ, హెడ్‌లైట్ కలిపితే నూరు వాట్లు దాటిపోతాయి. ఇంజనుతో తిరుగుతూ కరెంటు పుట్టించే పాత మ్యాగ్నెటోల్లో లైట్లకు నేరుగా ఏసీ కరెంటు పంపి, సగం తరంగం మాత్రమే బ్యాటరీకి ఇచ్చే పద్ధతి ఉండేది. అలాంటి బండికి స్టేటర్ కాయిల్‌ను, అంటే మ్యాగ్నెటోలో కదలని తీగచుట్టను, బాడీ ఎర్త్ నుంచి విడదీసి, పూర్తి తరంగాన్ని వాడుకుని ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్ వేయాలి. 6 వోల్టుల బండి అయితే ముందు 12 వోల్టులకు మార్చాలి. ఆ తర్వాత హెడ్‌లైట్ వేసి, పంపు ఆడిస్తూ, ఐడిల్‌కు కాస్త పైన బ్యాటరీ దగ్గర వోల్టేజీ కొలవండి. 13 కంటే దిగువకు పడుతూ ఉంటే ముందుకు వెళ్లకండి.

వోల్టేజీ గురించి ఇంత పట్టుదల ఎందుకంటే ఇంజెక్టర్ ఒక విద్యుదయస్కాంత కవాటం. దానికి ఆజ్ఞ అందిన వెంటనే తెరుచుకోదు. 13.5 వోల్టుల దగ్గర సుమారు ఒక మిల్లీ సెకను ఆలస్యం చేస్తుంది. వోల్టేజీ 10కి పడితే ఆ ఆలస్యం ఒకటిన్నరకు పెరగవచ్చు. ఐడిల్‌లో ఆజ్ఞ మొత్తం రెండున్నర మిల్లీ సెకన్లే అనుకుందాం. అందులో నిజంగా పెట్రోలు పడే సమయం ఒకటిన్నర. దానిలోంచి అర మిల్లీ సెకను పోతే మూడో వంతు పెట్రోలు మాయమైనట్టే. హెడ్‌లైట్ వేయగానే బండి ఆగిపోతోందని వచ్చేవారికి నేను పెట్రోలు పట్టిక తెరవను. వోల్టేజీ దిద్దుబాటు పట్టిక తెరుస్తాను.

పెట్రోలు దారి. కార్బొరేటర్ బండిలో ట్యాంకు నుంచి పెట్రోలు తన బరువుతో కిందికి జారుతుంది, పీడనం దాదాపు లేనట్టే. ఇంజెక్షన్‌లో అది సుమారు 3 బార్. పాత గొట్టం ఆ పీడనానికి ఉబ్బి చిట్లుతుంది, కింద వేడి ఇంజను ఉంటుంది. ఇంజెక్షన్ కోసమే చేసిన గొట్టం, చుట్టూ సమానంగా నొక్కే క్లాంపులు వాడండి. ఈ ఒక్క విషయంలో సర్దుకుపోవద్దని చేతులు జోడించి చెబుతున్నాను. ఇంజను తిరగడం ఆగిన రెండు మూడు సెకన్లలో పంపు ఆగాలి. బండి పడిపోయినప్పుడు పంపును ఆపే వాలు స్విచ్ కూడా ఉండాలి. పరీక్ష చేస్తున్నంతసేపూ అగ్నిమాపక సిలిండర్ చేతికి అందే దూరంలో ఉండాలి.

ట్యాంకు సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. పంపును ట్యాంకు లోపల అమర్చవచ్చు, బయట అమర్చి మిగిలిన పెట్రోలు వెనక్కి వెళ్లే గొట్టం వేయవచ్చు. బయట అమర్చితే పంపును ట్యాంకు అడుగు కంటే కిందే ఉంచండి. ఈ పంపులు పెట్రోలును బాగా తోస్తాయి కానీ పీల్చలేవు. ఇక తుప్పు. కార్బొరేటర్ గిన్నె అడుగున తుప్పు పొడి పేరుకుపోయినా బండి ఏళ్లతరబడి నడిచేది, ఎందుకంటే గిన్నె దాన్ని కడుపులో దాచుకునేది. ఇంజెక్టర్ రంధ్రాలు చాలా సన్నవి. నా మొదటి ఇంజెక్టర్ తుప్పు నలుసుకే బలైపోయింది, దూరప్రయాణం మధ్యలో. అప్పటి నుంచి పంపుకు ముందు ముతక జల్లెడ, పంపు తర్వాత 10 మైక్రాన్ల ఫిల్టర్ లేకుండా బండి తీయను. ట్యాంకు లోపలి తుప్పు పూర్తిగా వదిలించాకే పెట్రోలు పోస్తాను.

ఇప్పుడు గుండెకాయ లాంటి భాగానికి వచ్చాం. క్రాంక్ ఎక్కడుందో ఈసీయూకు ఎలా తెలుస్తుంది?

పాత బండి మ్యాగ్నెటో మీద చాలావరకు ఒకే ఒక ఉబ్బు ఉంటుంది. చుట్టుకు ఒకసారి పికప్ కాయిల్ ముందు నుంచి వెళుతుంది. నిప్పురవ్వను పుట్టించే పాత సీడీఐ పెట్టెకు అది చాలు. ఈసీయూకు అది చాలా తక్కువ. ఎందుకో చూడండి. ఒకే సిలిండర్ ఉన్న ఇంజను ఒక చుట్టులో ఒకే వేగంతో తిరగదు. కంప్రెషన్ దగ్గర బరువెక్కి నెమ్మదిస్తుంది, మంట అంటుకున్నాక ఉరుకుతుంది. కిక్ కొట్టినప్పుడైతే ఈ తేడా మరీ ఎక్కువ. చుట్టుకు ఒక్క కబురు మాత్రమే అందే ఈసీయూ, పోయిన చుట్టుకు పట్టినంత సమయమే ఈ చుట్టుకూ పడుతుందని ఊహించుకోవాలి. ఆ ఊహ కిక్ దగ్గర ఘోరంగా తప్పుతుంది. తప్పు క్షణంలో నిప్పురవ్వ పడి, కిక్ లివర్ కాలిని వెనక్కి తంతుంది.

దీనికి మందు పళ్ల చక్రం. 36 పళ్లకు చోటు పెట్టి ఒక పన్ను తీసేసిన చక్రం వేస్తే ప్రతి 10 డిగ్రీలకు ఒక కబురు అందుతుంది. పన్ను లేని ఖాళీని బట్టి చుట్టు ఎక్కడ మొదలైందో తెలుస్తుంది. మ్యాగ్నెటో చిన్నదైతే 12 స్థానాల్లో ఒకటి తీసేసినది కూడా పనిచేస్తుంది, 30 డిగ్రీలకు ఒక కబురు. చక్రం ఎటూ ఊగకుండా కేంద్రంలో ఉండాలి. సెన్సర్‌కూ పంటికీ మధ్య సందు ఒక మిల్లీమీటరు లోపు ఉండాలి. అయస్కాంతపు చుట్ట రకం సెన్సర్ అయితే, దాని వోల్టేజీ వేగంతో పాటు పెరుగుతుంది. కిక్ వేగంలో అది బలహీనంగా ఉంటుంది కాబట్టి సందు ఎక్కువైతే అసలు కనిపించదు. హాల్ సెన్సర్‌కు ఆ ఇబ్బంది లేదు.

ఇక్కడే నేను రెండు వారాలు పోగొట్టుకున్నాను. ఐడిల్ చక్కగా ఉంది. 4,000 ఆర్‌పీఎమ్ దాటగానే ఇంజను తడబడుతోంది. పెట్రోలు చాలలేదనుకుని పట్టికలో పెంచాను. తగ్గలేదు. ఇంకా పెంచాను. ప్లగ్ నల్లబడింది. తగ్గించాను, సైలెన్సర్‌లో టపాకాయలు పేలినట్టు శబ్దం. రాత్రుళ్లు పట్టికలోని గడులే కళ్ల ముందు ఆడేవి. చివరికి ఒక మిత్రుడు అడిగాడు: "టైమింగ్ లైట్ వేసి చూశావా?" చూడలేదు. నిప్పురవ్వ పడ్డప్పుడల్లా మెరిసి, తిరిగే మ్యాగ్నెటో మీది గుర్తు ఎక్కడుందో చూపే లైట్ అది. నిప్పురవ్వ ఎంత ముందుగా పడాలో చెప్పే అడ్వాన్స్‌ను ఈసీయూలో 10 డిగ్రీల దగ్గర కదలకుండా కట్టేసి, లైట్ వేశాం. ఐడిల్‌లో గుర్తు సరిగ్గా ఉంది. 5,000 దగ్గర గుర్తు పక్కకు జరిగి వణుకుతోంది. కదలకూడని గుర్తు కదులుతోందంటే క్రాంక్ కబురే తప్పు.

కారణం, సెన్సర్ రెండు వైర్లను నేను తారుమారుగా కలిపాను. పన్ను మధ్యభాగం సెన్సర్ ఎదురుగా వచ్చిన క్షణంలో సంకేతం నిటారుగా సున్నాను దాటుతుంది. ఈసీయూ పట్టుకోవలసింది ఆ క్షణాన్ని. వైర్లు తారుమారైతే అది రెండు పళ్ల మధ్య ఖాళీని పట్టుకుంటుంది. మామూలు పళ్ల దగ్గర తేడా తెలియదు. పన్ను తీసేసిన చోట మాత్రం సంకేతం వాలుగా, నెమ్మదిగా సున్నాను దాటుతుంది. ఒక పెద్ద ఖాళీగా కనిపించవలసినది రెండు మధ్యరకం ఖాళీలుగా కనిపిస్తుంది. ఈసీయూ తడబడుతుంది, ఇంజను దాని వెంట తడబడుతుంది. రెండు వైర్లు మార్చి కలిపాం. ఐదు నిమిషాల పని. రెండు వారాలుగా నేను దిద్దిన పట్టికను చెరిపేసి మొదటి నుంచి మొదలుపెట్టాను. టైమింగ్ లైట్‌తో గుర్తు నిలబడిందని రూఢి చేసుకోకుండా పెట్రోలు పట్టికను తాకవద్దు. ఈ రోజు మీరు ఇంకేమీ గుర్తుపెట్టుకోకపోయినా దీన్ని గుర్తుపెట్టుకోండి.

రెండు చుట్లకు ఒకసారి గాలి పీల్చే నాలుగు స్ట్రోకుల ఇంజనులో ఇన్‌టేక్ ఏ చుట్టులో ఉందో క్రాంక్ చెప్పలేదు కదా అని ఒకరు ముందే చీటీ పంపారు. మంచి ప్రశ్న. ఒకే సిలిండర్ అయితే వాల్వులను ఆడించే ఇరుసును చూసే క్యామ్ సెన్సర్ లేకుండానే తెలుసుకోవచ్చు. ఇన్‌టేక్ స్ట్రోకులో గొట్టంలో పీడనం ఒక్కసారి పడిపోతుంది, తర్వాతి చుట్టులో పడదు. పీడన సెన్సర్ ఆ తేడాను పట్టిస్తుంది.

ఆ పీడన సెన్సర్‌కే మరో చిక్కు ఉంది. కార్లలో నాలుగు సిలిండర్లు ఒక పెద్ద మానిఫోల్డ్ నుంచి గాలి తీసుకుంటాయి, పీడనం నిలకడగా ఉంటుంది. మన ఒంటి సిలిండర్ బండిలో అది కెరటంలా ఎగిసిపడుతుంది. ఆ కెరటాన్ని సగటు చేస్తే అర్థంలేని సంఖ్య వస్తుంది. ప్రతి రెండు చుట్లలోనూ ఎప్పుడూ ఒకే క్రాంక్ కోణం దగ్గర, అంటే అత్యల్ప పీడనం దగ్గర కొలవమని ఈసీయూకు చెప్పాలి. లేదంటే పీడనాన్ని పక్కనపెట్టి థ్రాటిల్ కోణం, వేగం ఈ రెండింటి మీదే పట్టిక కట్టవచ్చు. నా అనుభవంలో కొద్దిగా తెరిచిన థ్రాటిల్ దగ్గర పీడనం ఎక్కువ నమ్మకం, బాగా తెరిచాక థ్రాటిల్ కోణం ఎక్కువ నమ్మకం. చాలా ఈసీయూల్లో రెండింటినీ కలిపి వాడుకునే వీలుంది.

ఇంజెక్టర్ ఎంత పెద్దది కావాలి? నా ఇంజనుకే లెక్క వేద్దాం. 200 సీసీ సిలిండర్ నిండా గాలి తీసుకుంటే బరువు సుమారు 0.24 గ్రాములు. పెట్రోలుకు 14.7 పాళ్ల గాలి అన్న లెక్కన 16 మిల్లీగ్రాముల పెట్రోలు కావాలి. నిమిషానికి 130 సీసీ పోసే ఇంజెక్టర్ ఒక మిల్లీ సెకనుకు 1.6 మిల్లీగ్రాములు పోస్తుంది. అంటే 10 మిల్లీ సెకన్లు, ఆలస్యంతో కలిపి 11. ఇంజను 8,000 ఆర్‌పీఎమ్ దగ్గర ఉంటే ఇన్‌టేక్ నుంచి మళ్లీ ఇన్‌టేక్ వరకు ఉన్న సమయం 15 మిల్లీ సెకన్లు. 15లో 11, ఇంకా కాస్త ఊపిరి ఉంది. భద్రత కోసమని దీనికి రెట్టింపు ఇంజెక్టర్ తెచ్చుకునేవారున్నారు. అప్పుడు ఐడిల్‌లో అది తెరుచుకునే లోపే మూసుకోవలసి వస్తుంది, కొలత చేయి జారుతుంది. థ్రాటిల్ బాడీ విషయమూ అంతే. పాత కార్బొరేటర్ గొట్టానికి దగ్గరి కొలతలోనే తీసుకోండి. పెద్దది వేస్తే మణికట్టు కాస్త కదిలితే చాలు, బండి ఎగిరిపడుతుంది.

ఎర్త్ వైర్లన్నీ ఒకే చోట కలపండి. క్రాంక్ సెన్సర్ వైర్లు మెలిపెట్టి, పైన కవచం ఉన్నవి వాడి, కాయిల్‌కు దూరంగా నడపండి. రెసిస్టర్ ఉన్న ప్లగ్ వేయండి. వైరింగ్ గురించి ఇంతకంటే చెప్పేది లేదు, ఓపికగా చేయాలి, అంతే.

ఇక ట్యూనింగ్. దీనికి వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సర్ కావాలి. మామూలు సెన్సర్ పెట్రోలు ఎక్కువో తక్కువో మాత్రమే చెబుతుంది, ఎంత అన్నది చెప్పదు. ఎగ్జాస్ట్ గొట్టం పైభాగంలో, నీరు సెన్సర్‌లో నిలవకుండా వాలుగా ఉండేలా వెల్డింగ్ చేయించండి. నెమ్మదిగా సాగేటప్పుడు 14.7కు దగ్గరగా, పూర్తి థ్రాటిల్‌లో 12.8 నుంచి 13 వరకు ఉంచుతాను. గాలితో చల్లబడే ఇంజను కాబట్టి బరువు పడ్డప్పుడు పొదుపు చూడను. పెట్రోలులో ఇథనాల్ కలిసి ఉంటే 14.7 అనే అంకె మారిపోతుంది, 10 శాతం కలిస్తే 14.1 అవుతుంది. అందుకే అంకె కాకుండా లాంబ్డా చూడటం అలవాటు చేసుకోండి. ఏ పెట్రోలుకైనా లాంబ్డా 1 అంటే సరిపాళ్లే.

ఈ సెన్సర్ కూడా ఒక చోట మనల్ని దారి తప్పిస్తుంది. అది కొలిచేది పెట్రోలును కాదు, మిగిలిపోయిన ఆక్సిజన్‌ను. పెట్రోలు మరీ ఎక్కువై మంట అంటుకోకపోతే లోపలి ఆక్సిజన్ అంతా వాడకుండానే బయటికి వస్తుంది. సెన్సర్ దాన్ని చూసి పెట్రోలు తక్కువైందంటుంది. ఆ మాట నమ్మి ఇంకా పోస్తే పరిస్థితి ఇంకా చెడుతుంది. ఎగ్జాస్ట్ జాయింట్ లీకైనా, పొట్టి సైలెన్సర్ గుండా బయటి గాలి వెనక్కి పీల్చుకున్నా ఇదే అబద్ధం. కాబట్టి అంకెతో పాటు చెవితో వినండి, ప్లగ్ విప్పి చూడండి. తడిసి నల్లబడిన ప్లగ్ ఉంటే, తెర మీద ఏ అంకె ఉన్నా ఆ ఇంజనుకు పెట్రోలు ఎక్కువైనట్టే.

సమయం తక్కువగా ఉంది, ఒక ప్రశ్న తీసుకుంటాను. "థ్రాటిల్ తిప్పగానే ఒక క్షణం చచ్చుబడి, తర్వాత అందుకుంటోంది, ఎందుకు?" ఇంజెక్టర్ చల్లిన పెట్రోలులో కొంత ఇన్‌టేక్ గోడకు పొరలా అంటుకుంటుంది. థ్రాటిల్ హఠాత్తుగా తెరిస్తే ఆ పొర మందం పెరగాలి, దానికి పోయిన పెట్రోలు సిలిండర్‌కు అందదు. థ్రాటిల్ కదలిక వేగాన్ని చూసి అదనంగా పోయమని ఈసీయూకు చెప్పాలి. ఇంజను చల్లగా ఉంటే మరింత. అయితే ఇది చివర చేసే పని. నిలకడ వేగంలో పట్టిక సరిగ్గా లేకుండా దీన్ని దిద్దితే ఒక తప్పును మరో తప్పుతో కప్పినట్టవుతుంది.

ఇక మాటలు చాలు. ఆ మూలన స్టాండు మీద పళ్ల చక్రం, సెన్సర్ బిగించి ఉంచాను, డ్రిల్లింగ్ మెషీన్‌తో తిప్పుతాను. పక్కన సంకేతాన్ని తెర మీద గీతగా చూపే ఆసిల్లోస్కోప్ ఉంది. ముందు నేను చేసిన తప్పునే చేసి, వైర్లు తారుమారుగా కలిపి చూపిస్తాను. పన్ను లేని చోట గీత ఎలా వాలిపోతుందో గమనించండి. తర్వాత సరిచేసి మళ్లీ తిప్పుతాను. అందరూ దగ్గరికి రండి, వెనక ఉన్నవారికి గీత కనిపించదు.